తవుడుకు కొన్న పిల్ల

నన్ను జీవితంలో మొట్టమొదటిసారి "సార్" అని పిలిచిన మనిషి వయసు ఏడేళ్లు. నేను ఆరో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. మానేశానని నేను చెప్పుకుంటాను గానీ, ఆ రోజు బడిలో సార్లు మిఠాయిలు పంచుకున్నారని మా అమ్మ ఊరంతా చెబుతుంది. అలాంటి నన్ను ఆ పిల్ల సార్‌ను చేసింది. అది కూడా మామూలు సార్ కాదు, పాల సార్.

మాది శామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్‌కు పోయే దారిలో రెండు గదుల ఇల్లు, వెనక బర్రెల కొట్టం. చుట్టూ ఉన్న పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. పొలాలమ్మినవాళ్లు కార్లు కొన్నారు. నాకు అమ్మడానికి పొలం లేదు కాబట్టి ఐదు బర్రెలు మిగిలాయి. ఇప్పుడు ఆ ప్లాట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు నా పాలే తాగుతారు. పాలు చిక్కగా ఉంటే "ఏం కలిపినవ్?" అంటారు. పల్చగా ఉంటే "ఎంత కలిపినవ్?" అంటారు.

మేడ్చల్ రోడ్డు మీద ఒక పిల్లల హోం ఉంది. నలభై మంది ఆడపిల్లలు. పొద్దున మొదటి క్యాను అక్కడే దింపేవాణ్ణి. మంచి హోం. తిండికి లోటు లేదు, బట్టలకు లోటు లేదు, వార్డెనమ్మ చెయ్యి ఎత్తగా నేను చూడలేదు. స్టీలు గ్లాసులు పట్టుకుని పిల్లలు వరసగా నిలబడేవాళ్లు. వాళ్ల ముందు రోజుకొక కథ చెప్పడం నాకు అలవాటు. ఒకరోజు పాలు కాస్త తక్కువ పడ్డాయి. "నిన్న మా బర్రె పరీక్ష రాసింది. ఫెయిలైంది. గా ఫికర్‌తోటి ఇయ్యాల పాలు తక్కువిచ్చింది" అన్నాను. ముప్ఫై తొమ్మిది మంది నవ్వారు. వరస చివర నుంచి ఒక గొంతు మాత్రం అడిగింది.

"ఏ సబ్జెక్టు, సార్?"

"లెక్కలు."

మర్నాడు క్యాను దింపుతుంటే ఆ పిల్లే వరస తప్పించుకుని ముందుకొచ్చింది. "మళ్ల రాసిందా? పాసైందా?" అని గుసగుసగా అడిగింది. ఎగతాళి కాదు. రాత్రంతా బర్రె గురించి ఆలోచించిన ముఖం అది. పాసైందని చెప్పాను. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి వెళ్లి వరసలో నిలబడింది. నా యాభై ఏళ్ల బతుకులో నా మాటను అంత నిజంగా నమ్మినవాళ్లు ఇంకెవరూ లేరు. మా ఆవిడైతే నేను టైమెంతో చెప్పినా గడియారం చూస్తుంది.

ఆ పిల్ల గురించి వార్డెనమ్మను అడిగాను. తల్లి లేదు, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు. ఇలాంటి పిల్లలను ఇప్పుడు హోముల్లో కాకుండా ఇళ్లలో పెంచమని సర్కారు చెబుతోందని ఆమే చెప్పింది.

"దత్తత గాదు పాలన్నా. పేరు మారది, ఇంటిపేరు మారది. రేపు వాళ్ల నాయిన వచ్చి, సర్కారు పిల్లల కమిటీ వద్దనకుంటే ఇచ్చెయ్యాలె. అప్పటిదాక మీ ఇంట్ల పిల్లనే. అన్నం పెట్టాలె, బడికి పంపాలె, జరమొస్తే కూసోవాలె."

"రేపు ఇచ్చెయ్యాల్నంటే ఎవలు తీసుకుంటరక్కా?"

"ఆడపిల్లను గన్నోళ్లందరు అట్లనే గద పెంచుతరు?"

మా బిడ్డ పెళ్లయి దుండిగల్ వెళ్లి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో నేను, మా ఆవిడ, మా అమ్మ. సంగతి చెబితే మా ఆవిడ చేటలో బియ్యం చెరగడం ఆపకుండానే అంది: "నీ సొల్లు ఇనే మనిషి లేక నువ్వు ఎండిపోతున్నవ్. తీస్కరా పో. గా పిల్లకు చెవులైతే మంచిగున్నయా?"

తీసుకురావడం అంత తేలిక కాదు. జిల్లా ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. మా బిడ్డ వయసే ఉంటుంది. గదులు చూసింది, మరుగుదొడ్డి చూసింది, డాక్టరు కాగితాలు అడిగింది, తాగుతానా అని నన్ను కాకుండా మా ఆవిడను అడిగింది. చివరికి నా వైపు తిరిగి, "మీరెందుకు తీసుకోవాలనుకుంటున్నరు?" అంది.

"నా జోకులకు గీ ఇంట్ల ఇగ ఎవ్వరు నవ్వుతలేరు మేడం."

మా ఆవిడ కాలు తొక్కింది. మేడం మాత్రం రాసుకుంది. తరవాత మా పాలే తాగే కానిస్టేబులు విచారణకొచ్చి, నా మీద కేసులేమైనా ఉన్నాయా అని అడిగాడు. పాలల్లో నీళ్లు కలిపిన కేసు ఒక్కటే ఉందని, అది కూడా మా ఆవిడే పెట్టిందని చెప్పాను. కొన్ని నెలలు తిరిగాక కమిటీ వాళ్లు ఒక సంవత్సరానికని ఆర్డరు ఇచ్చారు. ఏడాది నిండాక మళ్లీ చూస్తారట. పిల్లను కూడా అడుగుతారట.

చేతిలో ఒక సంచి, సంచిలో రెండు జతల బట్టలు, పళ్లెం, గ్లాసుతో పిల్ల వచ్చింది. మొదటి రోజు మధ్యాహ్నం మా ఆవిడ అన్నానికి పిలిస్తే పళ్లెం పట్టుకుని మా అమ్మ వెనక నిలబడింది. కూర్చోమంటే కూర్చోదు. వరస కదలాలి కదా మరి. చేసేది లేక నేనూ లేచి పళ్లెం పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాను. మా ఇంట్లో మొదటిసారి అన్నానికి లైను కట్టాం. ముందు మా అమ్మ, తరవాత పిల్ల, ఆఖరున నేను.

"ముగ్గురికి లైనేందయ్యా, రేషను దుకాణమా?" అని మా ఆవిడ గరిటె పట్టుకుని నవ్వలేక చచ్చింది.

వంటింట్లోకి రావచ్చని ఆ పిల్లకు తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. హోంలో పిల్లలను పొయ్యిల దగ్గరికి రానివ్వరు, కాలుతుందని. వచ్చాక, ఉడుకుతున్న అన్నం ముందు చివరిదాకా కూర్చుంది. ఒకే ఒక్క మాట అడిగింది: "ఇంత చిన్న గిన్నెనా?" నలభై మందికి వండే డేగిశాలు తప్ప ఆమె వేరే గిన్నె ఎరగదు.

నన్ను పాల సార్ అనేది, మా ఆవిడను మేడం అనేది. మా అమ్మ ఒప్పుకోక కొట్లాడి అవ్వ అనిపించుకుంది. మా ఆవిడకు మేడం అన్న పిలుపు బాగానే ఉంది. "ముప్పై ఏండ్లు కాపురం జేసిన, నువ్వొక్కనాడన్న అన్నవా?" అని నన్ను దెప్పేది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

మన దగ్గర ప్రతి పిల్లకూ ఒక కథ ఉంటుంది. నిన్ను తవుడుకు కొన్నాం, పాత బట్టలకు మార్చుకున్నాం, సంతలో దొరికావు. నన్ను మా అమ్మ రెండు సేర్ల చింతపండుకు తీసుకుందట. ఆరేళ్లప్పుడు ఆ మాట విని పగలంతా ఏడ్చాను. మా బిడ్డను నేను పాత ప్యాంటుకు కొన్నాను. వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తి, "నిజమానే?" అని అడిగి, ఆమె ముద్దు పెట్టుకుని "మీ నాయిన నోట్ల మన్నువడ, నువ్వు నా కడుపులకెళ్లి వచ్చినవ్" అంటే గానీ అది ఊరుకోలేదు. అందరిళ్లలో ఉండేదే. ముద్దు ఎక్కువైనప్పుడే అనే మాట.

పిల్ల వచ్చి మూడు నెలలైంది. దాణా దుకాణం భాయ్ ఆటోలో తవుడు బస్తాలు తెచ్చాడు. ఆయనా నేనూ ఒకే బడిలో చదివాం. ఆయన ఏడు దాకా చదివాడు, అందుకని నాకంటే చదువుకున్నవాడు. ఇద్దరం బస్తాలు దింపుతుంటే పిల్ల గడప మీద కూర్చుని చూస్తోంది.

"పాల సార్, నేను మీకెట్ల దొరికిన?" అని అడిగింది.

ఆలోచిస్తే ఒట్టు. "రెండు బస్తాల తవుడిచ్చి కొన్నం బిడ్డా" అన్నాను.

ఆమె భాయ్ వైపు చూసింది. భాయ్ బస్తా భుజాన ఉండగానే తలాడించాడు. "హౌ బేటీ. సచ్ బాత్. నేనే ఇచ్చిన. ఫస్టు క్లాస్ తవుడు, మైదా లెక్క ఉండె."

లోపల నుంచి మా ఆవిడ గొంతు: "రెండెక్కడియి? ఒకటిన్నరనే. మీ సార్‌కు లెక్కలు రావు."

మంచం మీద నుంచి మా అమ్మ: "నేనొద్దన్న. గా తవుడు బర్రెలకు వెడితే పాలైన ఇస్తుండె అన్న. నా మాట ఎవలిన్నరు?"

ఒక్క నిమిషంలో నలుగురు సాక్షులు. కోర్టులో కూడా అంత గట్టి సాక్ష్యం దొరకదు. పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. తల ఊపింది. బస్తా చినిగిన చోట నేల మీద పడ్డ తవుడును రెండు చేతులతో ఎత్తి మళ్లీ బస్తాలో పోసింది. నేల తెల్లగా అయ్యేదాకా ఎత్తింది. అది చూసి మేము ఇంకా నవ్వాం. "చూడు, ఎంత పొదుపో! ఇంటి పెద్దకోడలు గిట్ల ఉండాలె" అంది మా అమ్మ.

అప్పటి నుంచి పిల్ల బంగారమైంది. నేను లేచేసరికి లేచి ఉండేది. వాకిలి ఊడ్చేది. కొట్టంలోకి వచ్చి కుడితి తొట్టి దగ్గర నిలబడి ఏం చేయమంటావని అడిగేది. అన్నం ఒకసారి పెట్టినంతే తినేది, మళ్లీ అడిగేది కాదు. బడిలో మార్కులు కూడా మంచివే. మేం ఊళ్లో గొప్పలు చెప్పుకున్నాం. పాలు పోసే ప్రతి గేటు దగ్గరా మా పిల్ల తెలివి గురించి అరగంట చెప్పేవాణ్ణి. మధ్యలో మా ముసలి బర్రె ఒకటి వట్టిపోయింది. ఇక ఈనదని తేలాక బేరగాణ్ణి పిలిచి అమ్మేశాను. ట్రాలీ ఎక్కిస్తుంటే పిల్ల దూరంగా గోడకు ఆనుకుని చూసింది. బర్రె మీద ప్రేమ అనుకున్నాను. ఆ పూట అన్నం తినకపోతే, రేపటికి మరిచిపోతుందిలే అన్నాను.

ఆఫీసు మేడం నెలకోసారి వచ్చేది. మాతో మాట్లాడాక పిల్లతో విడిగా కొట్టం దగ్గర కూర్చునేది. పదకొండో నెలలో వచ్చినప్పుడు మామూలుకంటే ఎక్కువసేపు కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు పెన్ను మూత చేతిలోనే ఉంది.

"అన్నా, గీ పాపను మీరు కొన్నరా?"

నేను గట్టిగా నవ్వాను. "హా మేడం. రెండు బస్తాలు. మా ఆవిడ ఒకటిన్నర అంటది గాని నమ్మకున్రి."

ఆమె నవ్వలేదు.

"నాకు గూడ చెప్పిన్రన్నా చిన్నప్పుడు. గాజులామె దగ్గర కొన్నమని. మస్తు ఏడ్చిన. ఏడ్సుకుంట మా అమ్మ దగ్గరికి ఉర్కిన. గీ పాప యాడికి ఉర్కాలె? అడుగుదామంటే ఇంటోళ్లందరు అదే మాట అంటిరి. దుకాణపాయన గూడ అదే అనవట్టె."

మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం ఇంకో మాట చెప్పింది.

"బర్రె పాలియ్యకుంటే పాల సార్ అమ్మిండు, నన్ను గూడ అమ్ముతడా అని అడిగింది. నేను రోజు పని జేస్తున్న గద, అమ్మడు గద మేడం, అన్నది."

ఊడ్చిన వాకిలి, కడిగిన తొట్టి, రెండోసారి అడగని అన్నం, అన్నీ ఒకేసారి నా కళ్ల ముందుకొచ్చాయి. మేం బంగారం అన్నది భయమన్నమాట. ఎనిమిది నెలలు ఆ పిల్ల మా ఇంట్లో ఇంటిపిల్లగా కాకుండా పాలివ్వాల్సిన బర్రెగా బతికింది. దాన్నే నేను గేటు గేటుకూ తిరిగి పొగిడాను.

"నేను రాయక తప్పది అన్నా," అంది మేడం. "వచ్చే నెల ఏడాది నిండుతది. కమిటీ ఆమెను ఒక్కదాన్నే పిలిచి అడుగుతది. భయపడుకుంట ఉన్నదని అనిపిస్తే మళ్ల హోంకు పంపుతరు. అది తప్పు గూడ గాదు."

ఆమె వెళ్లాక మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సాయంత్రం పాలు పితుకుతుంటే మా అమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి, "కొడకా, నువ్వు చింతపండుకు కొన్నోనివి గాదురా" అంది. యాభై ఏళ్లకు. అంతే అని వెళ్లిపోయింది.

సరిచేద్దామని బయల్దేరాను. పిల్లను కూర్చోబెట్టి, "అదంత జోకు బిడ్డా, నిన్ను కొనలే" అని చెప్పాను. తల ఊపింది. ఆ తల ఊపు నాకు తెలుసు, తవుడు రోజు ఊపింది కూడా అలాగే. మా ఆవిడ చెప్పింది, మళ్లీ అదే ఊపు. భాయ్‌ను పిలిపించాను. పాపం దుకాణం మూసి పరుగెత్తుకొచ్చాడు. "అల్లా కసం బేటీ, మజాక్ జేసిన. ఝూట్ మాట. నీ కోసం నేను తవుడియ్యలే" అన్నాడు.

"పాల సార్ గిట్ల చెప్పమన్నడా?" అని అడిగింది పిల్ల.

భాయ్ నా వైపు చూశాడు. అబద్ధమాడే మనిషి కాదు, ఆడినా కుదరదు. "హౌ," అన్నాడు చిన్నగా.

నలభై ఏళ్లుగా ఊరిని నవ్వించినవాడికి నిజం చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఒక్క నిజం అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు.

ఆదివారం మధ్యాహ్నం బీరువాలో నుంచి కమిటీ ఆర్డరు తీసి కొట్టం పక్కన మంచం మీద పరిచాను. "గిది నేను రాయలే. భాయ్ రాయలే. సర్కారోళ్లు రాసిన్రు. నాకు సరిగ సదవరాదు. నువ్వే సదువు" అన్నాను. రెండో తరగతి పిల్ల. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "స-ద-రు... బా-లి-క-ను..."

"సదరు అంటే?"

"నువ్వే."

"నా పేరు అది గాదు."

"సర్కారుకు అందరు సదరే. నేను గూడ సదరే. కింద చూడు, ఉన్నది."

చూసింది. నా సదరు కనిపించింది. చదవడానికి చాలాసేపు పట్టింది. కొన్ని చోట్ల నేను సాయం చేయబోతే నా తప్పులు ఆమే దిద్దింది. అడుగున ముద్ర దాకా వచ్చి, మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి చూసింది.

"దీంట్ల తవుడు లేదు."

"లేదు."

"కొన్నరని గూడ లేదు. సంరక్షణలో ఉంచవలసినది అని ఉన్నది."

"అంతే."

"ఒక సంవత్సరం అని ఉన్నది. అయిపోతాంది గద. అయినంక?"

"నిన్ను అడుగుతరు. ఉంటవా, హోంకు పోతవా అని."

"మిమ్మల్ని అడగరా?"

"అడుగుతరు."

"మీరేం చెప్తరు?"

నా నాలుక చివరికి మూడు జవాబులు వచ్చాయి. మూడూ మంచి జోకులే. మూడింటినీ మింగాను.

"మా పిల్లనే, మా దగ్గరనే ఉంచుకుంటమని చెప్త."

"పని చెయ్యకున్నా?"

"చెయ్యకున్నా. గిన్నె వలగ్గొట్టినా. మార్కులు రాకున్నా. అన్నం మళ్ల అడిగినా. బర్రెను పాలకు తెచ్చుకున్న. నిన్ను పాలకు తెచ్చుకోలే బిడ్డా."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. జోకా కాదా అని వెతుకుతోంది. కాగితం మడతల ప్రకారం మడిచి నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

తరవాత ఆమె పరీక్షలు మొదలుపెట్టింది. ఆ పూటే అన్నం రెండోసారి అడిగింది. మూడోసారి కూడా అడిగింది. మూడోది తినలేక పళ్లెంలో వదిలేసి మా ఆవిడ ముఖం చూసింది. మా ఆవిడ పళ్లెం తీసుకెళ్లి బర్రె తొట్టిలో పోసి వచ్చింది. మర్నాడు వాకిలి ఊడవలేదు. చీపురు పక్కనే కూర్చుని, చీపురును చూస్తూ, మమ్మల్ని చూస్తూ. నేనే ఊడ్చాను. మా అమ్మ నేను ఊడ్చిన తీరుకు వంకలు పెట్టింది. మూడో రోజు నా పాల క్యాను మూత మాయమైంది. ఆలస్యమై అపార్టుమెంట్లవాళ్లు ఫోన్లు చేస్తున్నారు, మూత లేదు. మా ఆవిడ గొంతు కొట్టం దాటి రోడ్డు మీదికి వినిపించింది.

"ఏందే, మూత యాడ వెట్టినవ్? ఒళ్లు ఎట్లున్నది? దొరికితే తంత చూడు!"

పిల్ల గోడకు అతుక్కుపోయింది. అదే ఊపిరిలో మా ఆవిడ, "దా, ముందుగాల ఉప్మా తిను, సల్లగైతాంది. మూత తరవాత చూద్దాం" అంది.

ఒకే నోట్లో నుంచి తిట్టు, ఉప్మా రెండూ వస్తాయని ఆ పిల్ల కొత్తగా నేర్చుకుంది. తిని లేచి గడ్డివాము వెనక నుంచి మూత తెచ్చి ఇచ్చింది. ఆ వారం మా ఇంట్లో ఒక గ్లాసు పగిలింది, ఒక నోటుబుక్కు చినిగింది, మా అమ్మ కళ్లద్దాలు రెండు రోజులు కనిపించలేదు. ఇంత ఆనందంగా నేను ఎప్పుడూ నష్టపోలేదు.

కమిటీ రోజు ముగ్గురం షేర్ ఆటోలో మేడ్చల్ వెళ్లాం. మా ఆవిడ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుంటే పిల్ల గుర్తు పట్టనట్టు చూసింది. లోపలికి ఆమెనొక్కదాన్నే పిలిచారు. బయట బెంచీ మీద మేమిద్దరం. పిల్ల నీళ్ల సీసా మా ఆవిడ ఒళ్లో ఉంది, దాని మూత తీస్తోంది, పెడుతోంది. ఆఫీసు మేడం మమ్మల్ని దాటిపోతూ చిన్నగా నవ్వింది గానీ, ఆ నవ్వు ఎటువైపు నవ్వో తెలియలేదు. నాకు పక్కనున్న ప్యూనుతో ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. ఒక్క జోకు కూడా రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి ఖాళీ నాకు అదే మొదటిసారి.

"పంపుతరంటవా?" అంది మా ఆవిడ.

"తెల్వదు."

"పంపితే పాలు వోయనీకె రోజు నేను గూడ వస్త. గేటుకాడ నిలవడి చూస్త" అంది, సీసా మూత బిగిస్తూ.

తలుపు తీసి మమ్మల్నీ పిలిచారు. లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో పెద్ద మేడం, కళ్లద్దాలు ముక్కు చివరన. పిల్ల పెద్ద కుర్చీలో కాళ్లు అందక వేలాడదీసుకుని కూర్చుంది.

"పాప మీ దగ్గరే ఉంటానంటోంది," అంది పెద్ద మేడం.

మా ఆవిడ గోడ పట్టుకుంది.

"కానీ ఒక షరతు పెట్టింది. మీరు జోకు వేసే ముందు, ఇది జోకు అని చెప్పాలట. చెప్పాకే వేయాలట. ఒప్పుకుంటారా?"

అటూ ఇటూ ఉన్న ఇద్దరూ కాగితాల్లోకి తలలు దించుకున్నారు. పెద్ద మేడం మాత్రం నవ్వలేదు. కేసు నిజంగా అదే అన్నట్టు నా జవాబు కోసం పెన్ను పట్టుకుంది.

"ముందుగాల చెప్తే జోకు సచ్చిపోతది మేడం," అన్నాను.

"మరి?"

"సావనీయున్రి. ఒప్పుకుంట."

ఫైల్లో ఆ షరతు రాశారో లేదో నాకు తెలియదు. ఆర్డరు మాత్రం పొడిగించారు. ఆఫీసు మేడం బయటిదాకా వచ్చి, పిల్లలను ఇళ్లలో పెట్టుకుందామనుకునే వాళ్లకు నెలనెలా ఒక మీటింగు పెడుతున్నాం, వచ్చి మాట్లాడతారా అని అడిగింది. చదువు రానివాణ్ణి నేనేం చెబుతానంటే, చేసిన తప్పు చెబితే చాలంది. ఇప్పుడు రెండుసార్లు వెళ్లాను. హోంలో అన్నముంటుంది, బడి ఉంటుంది, తోటి పిల్లలుంటారు, అన్నీ నిజమే. ఇంట్లో ఉండాల్సింది ఒకటే, ఒకరు ఏడిపిస్తే ఉరికిపోవడానికి ఇంకొకరు. ఆ ఇంకొకరు తయారయ్యేదాకా నోరు కట్టేసుకోండి, అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. అది జోకు కాదని మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

షరతు ఇంకా నడుస్తూనే ఉంది. పాలు పోసే గేట్ల దగ్గర కూడా అలవాటై, "ఇది జోకు" అని మొదలుపెడుతున్నాను. జోకు వేయకముందే వాచ్‌మన్లు నవ్వుతున్నారు. అసలు జోకుకు ఎవరూ నవ్వడం లేదు. భాయ్ అయితే తన దుకాణంలో కూడా అదే పద్ధతి పెట్టాడు, "ఏ మజాక్ హై" అని చెప్పి గానీ రేటు చెప్పడు.

పొద్దున పాలు పోసి వచ్చాక పిల్లను బండి మీద బడిలో దింపుతాను. మొన్న చెరువు కట్ట దగ్గర బండి స్లో అయినప్పుడు వెనక నుంచి అడిగింది.

"పాల సార్, నేను పెద్ద బడికి పోయినంక గూడ మీరే దింపుతరా?"

"కాలేజీ దాక నేనే దింపుత. గటెన్క నాకు కండ్లు కనవడవు, నువ్వే నన్ను బండి మీద కూసోవెట్టుకొని ఊరంత తిప్పాలె."

నేను ముందుగా ఏమీ చెప్పలేదని గుర్తొచ్చినట్టుంది.

"ఇది జోకా?"

"మొదటి సగం గాదు."

"రెండో సగం గూడ గాదు," అంది, నా చొక్కా గట్టిగా పట్టుకుని. "నాకు బండి ఎప్పుడు నేర్పిస్తరు?"